మూలిక పేరు ఒకటి, మొక్కలు రెండు
ఆరోగ్య గ్రంథపాలకుల సంఘాలు మన ఇంటి వైద్యానికి చేసే మేలు

మందు ఇచ్చే వైద్యుని మనమందరం ఎరుగుదుము. మందు నూరే కల్వమును, కషాయం కాచే గిన్నెను కూడ ఎరుగుదుము. కాని ఆ మందును గూర్చి పూర్వులు ఏమి వ్రాసినారు, నేటి పరిశోధకులు ఏమి కనుగొన్నారు, అది ఎవరికి మేలు చేసినది, ఎవరికి కీడు చేసినది అనే సంగతులను ఒకచోట చేర్చి, అడిగిన వారికి వేళకు అందించే వారిని మనలో అనేకులు ఎరుగరు. వారే ఆరోగ్య గ్రంథపాలకులు. వైద్య కళాశాలలలోను, ఆసుపత్రులలోను, పరిశోధన సంస్థలలోను పనిచేసే వీరు సంఘాలుగా ఏర్పడి 125 సంవత్సరాలు దాటినది. వారితో మనకేమి పని అని గృహిణులు అనుకోవచ్చును. పెరటిలోని తిప్పతీగను కోసి కషాయం కాచుకునే ప్రతి ఇంటికీ వారితో పని ఉన్నదని ఈ వ్యాసంలో మనవి చేయదలచినాను.

అనంతగిరి చెప్పే పాఠం

విశాఖపట్నం నుండి శృంగవరపుకోట మీదుగా అరకు లోయకు పోయే ఘాట్ రోడ్డులో అనంతగిరి కలదు. 2022 వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండిన ఈ మండలం ఆ సంవత్సరం ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది. కాఫీ తోటలను, వాటి నీడచెట్లకు అల్లుకున్న మిరియపు తీగలను, బొర్రా గుహలను చూడటానికి మనం అక్కడికి పోతాము. మూలికలపై ఆసక్తి గల నా వంటి వానికి ఆ కొండలు మరొక విధంగా కనిపిస్తాయి. కరక్కాయ, తానికాయ, ఉసిరిక అనే త్రిఫలములు ఈ మన్యపు అడవులలో పెరుగుతాయి. నరమామిడి చెక్క, చిల్లగింజలు, కుంకుడుకాయలు, తేనె మొదలైన అటవీ ఫలసాయాన్ని గిరిజనులు సేకరిస్తారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అట్టి సరుకును వారి నుండి కొనుగోలు చేస్తున్నది. పసుపు, అల్లం, పిప్పళ్ళు ఈ మన్యపు పంటలే.

కొండదొర, బగత, వాల్మీకి, కోదు, గదబ మొదలైన తెగలవారు ఈ ప్రాంతంలో నివసిస్తున్నారు. తెలుగుతో పాటు ఆదివాసీ ఒడియా, కువి వంటి భాషలు ఇక్కడ వినిపిస్తాయి. ఒకే మొక్కకు ఒక గూడెంలో ఒక పేరు, మరొక గూడెంలో మరొక పేరు ఉండటం సహజం. ఆ మొక్క ఎక్కడ పెరుగును, ఏ నెలలో తవ్వవలెను, వేరు వాడవలెనా ఆకు వాడవలెనా అనే జ్ఞానం పెద్దల జ్ఞాపకంలో ఉన్నది. పుస్తకంలో లేదు.

చరకాచార్యులు సూత్రస్థానం మొదటి అధ్యాయంలోనే ఈ విషయాన్ని గమనించినారు. మేకలను కాచేవారికి, గోపాలకులకు, వనవాసులకు ఓషధుల పేర్లు, రూపాలు బాగా తెలుసునని వారి అభిప్రాయం. అయితే పేరు, రూపం తెలిసినంత మాత్రాన మందు తెలిసినట్లు కాదని, దానిని ఎవరికి, ఎప్పుడు, ఎంత ఇవ్వవలెనో తెలిసినవాడే వైద్యుడని కూడ హెచ్చరించినారు. అడవిలోని జ్ఞానం ఒక సగం. శాస్త్రగ్రంథంలోని జ్ఞానం మరొక సగం. ఈ రెంటినీ కలిపే వంతెనను కట్టి కాపాడే పనియే ఆరోగ్య గ్రంథపాలకులది.

పేరుతో వచ్చే చిక్కు ఎంతటిదో అనంతగిరి పేరులోనే ఉన్నది. అనంతగిరి కొండలు అనగానే తెలంగాణ పాఠకులకు వికారాబాద్ వద్ద గల కొండలు స్ఫురిస్తాయి. "అనంతగిరిలో దొరికే ఫలానా వేరు" అని ఒక పాత పుస్తకంలో వ్రాసి ఉంటే, అది తూర్పు కనుమల అనంతగిరియా, వికారాబాద్ అనంతగిరియా అని ముందుగా తేల్చవలెను. ఊరి విషయంలో పొరబడితే ప్రయాణం వ్యర్థం అవుతుంది. మూలిక విషయంలో పొరబడితే ఆరోగ్యమే చెడుతుంది.

పెరటి మొక్కలలో పేర్ల తికమక

సరస్వతి ఆకును మనం జ్ఞాపకశక్తికి వాడుతాము. దానిని బ్రాహ్మి అని కొందరు పిలుస్తారు. శాస్త్రజ్ఞులు బ్రాహ్మిగా పేర్కొనేది ముఖ్యంగా బకోపా మొన్నేరి అనే నీటి పట్టున పెరిగే మొక్క. మన సరస్వతి ఆకు సెంటెల్లా ఏసియాటికా, అనగా మండూకపర్ణి. అట్లే గలిజేరు. ఎర్ర గలిజేరు, అనగా అటికమామిడి, పునర్నవగా ప్రసిద్ధం. తెల్ల గలిజేరు వేరొక మొక్క. చేదులో పేరుపొందిన నేలవేమును దక్షిణాదిలో హిమాలయ ప్రాంతపు కిరాతతిక్తకు బదులుగా వాడే ఆచారం ఉన్నది. కిరాతతిక్తను గూర్చి గ్రంథంలో చెప్పిన ప్రతి గుణం నేలవేముకు వర్తించునని అనుకోరాదు.

నేనొకసారి తిప్పతీగను గూర్చిన వ్యాసాల కోసం ఒక వైద్య గ్రంథాలయానికి వెళ్ళినాను. అక్కడి గ్రంథపాలకురాలు వెంటనే పుస్తకం చేతికి ఇవ్వలేదు. మీరు అడిగే తిప్పతీగ శాస్త్రీయ నామం ఏమిటి, కాండమా ఆకా, ఆరోగ్యవంతులకా రోగులకా, ఎన్ని రోజుల వాడకం గూర్చి తెలుసుకోవలెను అని నాలుగు ప్రశ్నలు అడిగినారు. ఆ ప్రశ్నలకు సమాధానం చెప్పే ప్రయత్నంలో నాకు కావలసినదేమిటో నాకే స్పష్టమైనది. ఇది ఆమె సొంత చాదస్తం కాదు. ప్రశ్నను చక్కగా రూపొందించిన తరువాతనే వెతకవలెనన్నది వారి వృత్తిధర్మం.

ఆ ప్రశ్నల విలువ 2021లో దేశమంతటికీ తెలిసివచ్చినది. కోవిడ్ రోజులలో రోగనిరోధక శక్తి కోసమని లక్షలాది మంది తిప్పతీగను వాడినారు. తిప్పతీగ వాడిన తరువాత కాలేయం దెబ్బతిన్న 6గురు రోగులను గూర్చి ముంబై వైద్యులు ఆ సంవత్సరం ఒక వ్యాసం ప్రచురించినారు. వాడిన మూలిక ఏదో పరీక్షించకుండా నింద మోపరాదని, తిప్పతీగను పోలిన ఇతర జాతులు ఉన్నవని కేంద్ర ఆయుష్ మంత్రిత్వశాఖ సమాధానం ఇచ్చినది. తిప్పతీగ శాస్త్రీయ నామం టైనోస్పోరా కార్డిఫోలియా. దానికి దగ్గర చుట్టమైన టైనోస్పోరా క్రిస్పా కాండంపై బుడిపెలు దట్టంగా ఉంటాయి. తిప్పతీగ సురక్షితమేనని 2022లో మంత్రిత్వశాఖ మరల ప్రకటించినది. అదే సంవత్సరం, దేశంలోని అనేక ఆసుపత్రులకు చెందిన 43 మంది రోగులను పరిశీలించిన వైద్యులు అసలైన తిప్పతీగ వల్ల కూడ కొందరికి ఇట్టి హాని కలుగవచ్చునని, శరీరం తన కాలేయంపై తానే దాడిచేసే వ్యాధి లోపల దాగి ఉన్నవారిలో అది బయటపడవచ్చునని వ్రాసినారు.

ఇందులో ఒక్క వ్యాసమే చదివినవారు తిప్పతీగ విషమని భయపడుదురు. ఒక్క ప్రకటనే చదివినవారు ఎవరైనా ఎంతైనా త్రాగవచ్చునని అనుకొందురు. అన్నింటినీ తేదీల వరుసలో మన ముందు పెట్టేవాడే మంచి గ్రంథపాలకుడు. తీర్పు చెప్పడం వైద్యుని పని. సాక్ష్యాలన్నీ హాజరు పరచడం గ్రంథపాలకుని పని.

సంఘం ఎట్లు పుట్టినది?

1898లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో నలుగురు గ్రంథపాలకులు, నలుగురు వైద్యులు ఒక వైద్య పత్రిక కార్యాలయంలో సమావేశమై వైద్య గ్రంథపాలకుల సంఘాన్ని స్థాపించినారు. పత్రికా సంపాదకుడైన డాక్టర్ జార్జ్ గూల్డ్ తొలి అధ్యక్షుడు. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయపు గ్రంథపాలకురాలు మార్గరెట్ చార్ల్టన్ తొలి కార్యదర్శి. సుప్రసిద్ధ వైద్యుడు విలియం ఆస్లర్ కూడ తరువాత అధ్యక్ష పదవి నిర్వహించినారు. వారు మొట్టమొదట చేపట్టిన పనులలో ఒకటి ఇచ్చిపుచ్చుకోవడం. ఒక గ్రంథాలయంలో రెండు ప్రతులున్న పత్రికను, అది లేని మరొక గ్రంథాలయానికి పంపే ఏర్పాటు. ఇరుగుపొరుగు ఇళ్ళవారు పచ్చడి జాడీలు మార్చుకున్నంత సులభమైన ఆలోచన ఇది. దీనివలన చిన్న ఊరి ఆసుపత్రికి కూడ పెద్ద నగరపు వైద్యవిజ్ఞానం అందినది.

మన దేశంలో ఢిల్లీలోని జాతీయ వైద్య గ్రంథాలయం 1966లో ఆ పేరు పొందినది. భారత వైద్య గ్రంథాలయ సంఘం 1980ల దశకంలో పనిచేయసాగినది. 1990లో ప్రపంచ వైద్య గ్రంథపాలకుల ఆరవ మహాసభ న్యూఢిల్లీలో జరిగినది. ఇట్టి సంఘాలు గ్రంథపాలకులకు శిక్షణ ఇస్తాయి, వెతికే పద్ధతులకు ప్రమాణాలు ఏర్పరుస్తాయి, వృత్తినీతిని నిర్దేశిస్తాయి. అడిగినవారి వ్యాధి వివరాలను రహస్యంగా ఉంచడం ఆ నీతిలో ముఖ్యమైనది.

సంఘమనేది తెలుగువారికి కొత్త కాదు. 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడినది. అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటి పెద్దలు దానికి తమ జీవితాలను ధారపోసినారు. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా డెల్టా కాలువలలో పడవపై గ్రంథాలయాన్ని నడిపించినారు. చదువరి పుస్తకం వద్దకు రాలేకపోతే పుస్తకమే చదువరి వద్దకు పోవలెనన్నది ఆ పడవ నేర్పిన పాఠం. ఆ పాఠం కొండకోనలలోని గూడేలకు మరింత వర్తిస్తుంది.

వెతుకులాటలో లోపం, ప్రాణానికి ముప్పు

గ్రంథాలయంలో సరిగా వెతకకపోతే ఏమగును అనే సందేహానికి 2001లో విషాదకరమైన సమాధానం లభించినది. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో ఉబ్బసంపై జరిగిన పరిశోధనలో 24 ఏళ్ళ ఆరోగ్యవంతురాలు స్వచ్ఛందంగా పాల్గొన్నది. హెక్సామెథోనియం అనే రసాయనాన్ని పీల్చిన తరువాత ఆమె ఊపిరితిత్తులు దెబ్బతిని మరణించినది. పరిశోధకుడు కంప్యూటరులో వెతికిన వైద్యసూచిక అప్పట్లో 1966 తరువాతి వ్యాసాలకే పరిమితం. ఆ రసాయనం ఊపిరితిత్తులకు హాని చేయగలదని తెలిపే వ్యాసాలు 1950లలోనే వెలువడి ఉన్నవి. అవి పాత సంపుటాలలో, గ్రంథాలయపు అరలలో ఉన్నవి. ఆ తరువాత, పరిశోధనకు ముందు జరిపే వెతుకులాటలో శిక్షణ పొందిన గ్రంథపాలకుని తోడు ఎంత అవసరమో వైద్య గ్రంథపాలకులు గట్టిగా చెప్పనారంభించినారు.

మేలు జరిగిన దృష్టాంతం కూడ ఉన్నది. అమెరికాలోని రోచెస్టర్ ప్రాంతపు వైద్యులను ప్రశ్నించి 1992లో ప్రచురించిన అధ్యయనంలో, ఆసుపత్రి గ్రంథాలయం ఇచ్చిన సమాచారం వలన తమ చికిత్సలో ఏదో ఒక అంశాన్ని మార్చుకున్నామని 208 మంది వైద్యులలో 80 శాతం చెప్పినారు. కత్తి పట్టకుండ, మందు కలపకుండ, చికిత్సనే మార్చగలిగిన వృత్తి ఇది.

పసుపును కాపాడిన పాత కాగితాలు

గాయానికి పసుపు అద్దడం మన అవ్వల నాటి అలవాటు. ఆ గుణంపై 1995లో అమెరికాలో ఒక విశ్వవిద్యాలయపు పరిశోధకులకు పేటెంటు లభించినది. మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి 1996లో దానిని సవాలు చేసినది. "మా ఇండ్లలో అందరికీ తెలుసు" అనే మాట అక్కడ చెల్లదు. అచ్చులో సాక్ష్యం కావలెను. సంస్కృతం, ఉర్దూ, హిందీ గ్రంథాల నుండి, 1953 నాటి భారత వైద్య సంఘపు పత్రికలోని వ్యాసం నుండి, మొత్తం 32 ఆధారాలను సేకరించి సమర్పించినారు. 1997లో పేటెంటు రద్దయినది.

ఈ అనుభవంతో 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం పని ప్రారంభమైనది. ప్రాచీన గ్రంథాలలోని యోగాలను వర్గీకరించి ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, జపనీస్ భాషలలో పేటెంటు కార్యాలయాలకు అందుబాటులో ఉంచినారు. ఎట్టి పేరుకు ఎట్టి మొక్క, ఎట్టి రోగానికి నేటి పరిభాషలో ఏ పదం అని నిర్ణయించడం ఇందులో కీలకమైన పని. ఇది గ్రంథాలయ శాస్త్రమే. హైదరాబాదులోని జాతీయ భారతీయ వైద్య వారసత్వ సంస్థ కూడ చరక, సుశ్రుత సంహితలను, నిఘంటువులను కంప్యూటరులో ఉచితంగా చదువుకొనుటకు వీలుగా సిద్ధం చేసినది.

కాని ఒక లోటు మిగిలియున్నది. ఆ డిజిటల్ గ్రంథాలయానికి ఆధారం వ్రాతలో ఉన్న గ్రంథాలు. అనంతగిరి పెద్దల నోటిలో ఉన్న జ్ఞానం వ్రాతలో లేదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థ ఒక యాజమాన్య కమిటీని నియమించి, ప్రజల జీవవైవిధ్య రిజిస్టరును తయారు చేయించవలెను. 2006 నాటి అటవీ హక్కుల చట్టం తమ సంప్రదాయ జ్ఞానంపై అడవిబిడ్డల సామూహిక హక్కును గుర్తించినది. రిజిస్టరు వ్రాసే పనిలో శిక్షణ పొందిన గ్రంథపాలకుడు ఉన్నట్లయితే మొక్క నమూనాను, శాస్త్రీయ నామాన్ని, ప్రతి భాషలోని పేరును, చెప్పినవారి సమ్మతిని కలిపి నమోదు చేయవచ్చును. చెప్పినవారు వద్దన్న దానిని బయట పెట్టకుండ కాపాడవలెను. వ్రాసిన దానిని ఆ గూడెంవారికే వారి భాషలో తిరిగి వినిపించవలెను. పట్నం వాడు వ్రాసుకొని పోవడం మాత్రమే జరిగితే అది గ్రంథాలయం కాదు, దోపిడి.

ఇంట్లో పాటించవలసినవి

గ్రంథపాలకుల పద్ధతిని మన ఇళ్ళలో కూడ పాటించవచ్చును. ఏ చిట్కానైనా వాడే ముందు ఈ క్రింది విషయాలను గమనింపుడు.

1. మొక్క పేరును రెండు విధాల సరిచూడండి. తెలుగు పేరుతో పాటు శాస్త్రీయ నామం వ్రాసుకోండి. పోలిక తెలియని మొక్కను కోయకండి.

2. ఏ భాగం, ఎంత మోతాదు, ఎన్ని రోజులు అనే మూడు మాటలు లేని చిట్కాను ప్రక్కన పెట్టండి.

3. ఎవరు చెప్పినారు, ఏ సంవత్సరంలో చెప్పినారు అని అడగండి. గ్రంథం పేరు, పరిశోధన సంవత్సరం లేకుండ "శాస్త్రజ్ఞులు తేల్చినారు" అనే మాటను నమ్మకండి. ఈ పత్రికలోని వ్యాసాలను కూడ అట్లే పరీక్షించండి.

4. ఎవరికి పనికిరాదో తెలుసుకోండి. గర్భిణులు, పసిపిల్లలు, కాలేయ, మూత్రపిండ వ్యాధులున్నవారు, థైరాయిడ్, మధుమేహం మందులు వాడుతున్నవారు వైద్యుని అడుగకుండ మూలికలు వాడరాదు.

5. వాడిన చిట్కాను ఒక నోటుపుస్తకంలో తేదీతో వ్రాయండి. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకు మారినా మూలికను ఆపి ఆసుపత్రికి పొండి. ఆ పుస్తకాన్ని వైద్యునికి చూపండి.

6. మన్యానికి వెళ్ళివచ్చిన తరువాత జ్వరం వస్తే కషాయంతో కాలం గడపక మలేరియాకు రక్తపరీక్ష చేయించండి. పాము కరిచినప్పుడు ఆకుపసరు కోసం వెతకక, విషానికి విరుగుడు సూది ఉన్న ఆసుపత్రికి వెంటనే చేర్చండి.

7. మీ ఇంటి పెద్దలకు తెలిసిన వైద్యాన్ని వారు ఉండగానే, మొక్కను ఎదుట పెట్టుకొని వ్రాసిపెట్టండి.

ప్రతి ఏట నవంబరు 14 నుండి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ఆ వారంలో పిల్లలను వెంటబెట్టుకొని మీ ఊరి శాఖా గ్రంథాలయానికి వెళ్ళండి. ఆరోగ్య విషయాలకు ఒక ప్రత్యేకమైన అర, అందులో వస్తుగుణ గ్రంథాలతో పాటు నేటి వైద్యపు పుస్తకాలు ఉంచవలసినదిగా గ్రంథపాలకుని కోరండి. పది ఇళ్ళవారు అడిగితే కాదనరు. వైద్య కళాశాల ఉన్న పట్టణాలవారు అక్కడి గ్రంథపాలకులను మీ కాలనీ సంఘాలకు ఆహ్వానించి, ఆరోగ్య సమాచారాన్ని ఎట్లు పరీక్షించవలెనో చెప్పించుకోండి.

మూలిక అడవిలో పుట్టును, మందు కల్వంలో పుట్టును, నమ్మకం మాత్రం సాక్ష్యంలో పుట్టవలెను. ఆ సాక్ష్యాన్ని కాపాడేవారిని గౌరవించి, వారి సేవను వినియోగించుకొనుట మన ఆరోగ్యానికి మనం చేసుకునే మేలు.